కాళ్లకు చదివిన కట్నాలు

ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాని చేతిలో ఇంత పెద్ద ఫోను పెట్టడం మా పిల్లలు చేసిన తప్పు గాని నా తప్పు కాదు. మొన్న పొద్దున చాయ్ తాగుకుంట చూస్తుంటే మా కుల సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న పిలగాని వీడియో వచ్చింది. పుట్టుకతోనే నడుము కిందికి సత్తువ లేదట, ఆపరేషను చేస్తే లేచి కూసోగలుగుతడట, తలా ఇంత సాయం చెయ్యుమని రాసిండ్రు. నా మనసు కరిగింది. కండ్ల నీళ్లు కారుతున్న బొమ్మ ఒకటి వెతికి పట్టుకొని, ఒకటి పెడితే నా దుఃఖానికి సరిపోదని వరసగా పెట్టుకుంట పోయిన. తీరా చూస్తే ఆ బొమ్మ ఏడ్చి కండ్ల నీళ్లు పెట్టుకునేది కాదట, పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వి పెట్టుకునేదట. అద్దాలు లేకుంటే నా కండ్లకు ఆ రెండు బొమ్మలూ అన్నదమ్ముల లెక్కనే కనవడ్డయి. పొద్దెక్కేసరికి గ్రూపులో నన్ను దులిపి ఆరేసిండ్రు. వీనికి గుండె ఉన్నదా అని ఒకరు, బతుకంత మందిని చూసి నవ్వుడే గదా ఈయన పని అని నన్ను బాగా ఎరిగిన ఇంకొకరు. మా ఇంటామె అంతా విని, నువ్వు నిజంగ ఏడ్చే బొమ్మ పెట్టినా ఎవ్వరు నమ్మకపోదురు, నీ మొఖం అసొంటిది అని తేల్చి, ఖాళీ గిలాస తీసుకొని లోపలికి పోయింది.

సరే, తప్పయిందని గ్రూపులో రాయించి, మా పెద్దోనితోని ఎంతో కొంత పంపించి, ఈసారి అద్దాలు పెట్టుకొని ఆ వీడియో మళ్లా చూసిన. చూడకపోయినా బాగుండు. పిలగాడు మంచంలో పడుకొని ఉన్నడు. పక్క నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి వాని కాలు లేపి వదిలింది, అది దబ్బున పడ్డది, మొదటిసారి సరిగ్గా రాలేదేమో మళ్లా లేపి వదిలింది. వానికి అదేదో ఆట అనిపించినట్టుంది, కిసుక్కున నవ్విండు. నవ్వంగనే ఫోను పట్టుకున్న మనిషి గొంతు మెల్లగా, “నవ్వకురా,” అన్నది. ఆ మాట తీసెయ్యాలన్న సోయి కూడ ఎవరికీ లేదు. ఫోను బోర్లేసిన, ఎందుకంటే ఆ గొంతు నాకు కొత్త కాదు. ఇరవై ఏండ్ల కింద మా ఊర్లో మా చెల్లె బిడ్డ విషయంలో అసొంటి గొంతులు ఊరినిండా విన్న, వాటిని మైకులో పెట్టి నలుదిక్కుల వినిపించిన పనివాణ్ని కూడ నేనే.

నా ఈడువాళ్లకు మైకాయన అంటే చెప్పాల్సిన పని లేదు. ఇప్పటి పిల్లలకే చెప్పాలె, అప్పట్లో ఊర్లో ఏ ముచ్చట జరిగినా అది నిజం కావాలంటే ముందు రిక్షా మీద గొట్టం మైకు కట్టుకొని ఒకడు అరుచుకుంట పోవాలని. బర్రె తప్పిపోయినా, కరెంటు బిల్లు కట్టే గడువు దగ్గరపడ్డా, కొత్త సినిమా వచ్చినా, పాత మనిషి పోయినా నా గొంతే. పొద్దున చావు కబురు చెప్పిన గొంతుతోనే పగటాళ్లకు చీరల తగ్గింపు చెప్పేది, ఒక్కొక్కసారి గొంతు మార్చుడు మరిచిపోయి ఏడ్చుకుంట చీరలమ్మిన రోజులు కూడ ఉన్నయి. బడిలో సారు నన్ను లేపి పాఠం చదువుమంటే ఒక్క ముక్క రాకపోయేది గాని, చేతికి మైకిస్తే ఎంత మందినైనా నిలబెట్టేది. మాది సాంచాల ఊరు. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచె అంటరు, ఇంటింటికీ అవే. వాటి టకటకల మీదికెల్లి వినబడాలంటే మామూలు గొంతు సరిపోదు, అందుకే నేను మామూలుగా మాట్లాడినా మా ఇంటామె ఇప్పటికీ ఎవరితోని కొట్లాట అని అడుగుతది.

అయితే నాకు పేరు తెచ్చింది పెండ్లిండ్లు. మా దిక్కు పెండ్లికి వచ్చిన చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్లు ఇచ్చే కానుకను కూడ కట్నమనే అంటం. ఆ కట్నం గుట్టుగా చేతిలో పెట్టిపోతే ఇచ్చినట్టు కాదు, మైకులో చదవాలె. ఫలాన ఊరు, ఫలాన ఇంటి పేరు, పిల్లకు ఫలాన వరస, వారి కట్నం ఇంత అని నేను చదువుతుంటే ఇచ్చినాయన మెడ ఒక వేలెత్తు పెరిగేది, పక్కనున్నాయన చెయ్యి తనంత తనే జేబులోకి పోయేది. మధ్యమధ్యలో నా పరాచికాలు ఉండేటివి. మేనమామ తక్కువ చదివిస్తే, మామ ప్రేమంతా మనసులోనే దాచుకున్నడు, జేబులోకి రానియ్యలేదు అని అందరి ముందట అనేది, ఆయన సిగ్గుపడి ఇంకింత తీసేటోడు. ఈ పద్ధతికి రెండో కొస కూడ ఒకటుంది, అది చెప్పకపోతే నేను చెప్పబోయేది అర్థం కాదు. కట్నం చదివించుకున్న ఇల్లు, చదివించిన ప్రతి మనిషికీ అన్నం పెట్టి పంపాలె. తినకుండ పోయిండంటే అలిగిపోయినట్టు, పెట్టకుండ పంపిండ్రంటే ఇజ్జత్ తీసినట్టు. అది పెండ్లికి సంబంధించిన మర్యాద. మా ఊరోళ్లు దాన్ని ఎక్కడికి మోసుకపోయిండ్రో చూడుండ్రి.

మా చిన్నాయిన బిడ్డ, నాకు చెల్లె, మా గల్లీలోనే ఉండేది. బావ సాంచాలు నడిపేటోడు, చెల్లె బీడీలు చుట్టేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, నాకు మేనకోడలు. పుట్టుకతోనే రెండు పాదాలు లోపలికి మెలితిరిగి ఉండె. పాదం అడుగు కాకుండ పక్క భాగం నేలకు ఆనేది, అట్ల రెండడుగులు వేసి నొప్పికి కూలబడి, మిగిలిన దూరం చేతుల మీద జరుగుకుంట పోయేది. కాళ్లకు లేని హుషారంతా నోటికి వచ్చింది. నేను మైకు రిక్షాతో వాళ్ల గడప ముందటి నుంచి పోతుంటే, మామా, తప్పిపోయిన బర్రె దొరికిందా, నువ్వు అరిస్తే బెదిరి ఇంకా దూరం పోతది గదా అనేది. ఊర్లో నాకు మాటకు మాట చెప్పే మనిషి ఎవరన్నా ఉన్నరంటే ఆ ఎనిమిదేండ్ల పోరి ఒక్కతే, అందుకే దాని మీద నాకు పాణం.

అప్పటికింకా కార్డు చూపిస్తే ఆపరేషన్లు చేసే రోజులు రాలేదు. కరీంనగర్‌లో చూపిస్తే హైదరాబాద్ పొమ్మన్నరు. అక్కడి డాక్టరు మంచోడు, బావను కూసోబెట్టి వివరంగా చెప్పిండు. ఆపరేషను చేసి పాదాలు సగం వరకు తిప్పుతం, మిగతా సగం బూట్ల పని అన్నడు. పక్కలకు ఇనుప పట్టీలుండే బూట్లు, కొలతకు చేయించాలె, సిమెంటు పట్టి విప్పినంక అవి లేకుండ పిల్ల ఒక్కడుగు కూడ వెయ్యొద్దు, పాదం పెరిగినకొద్దీ కొత్తవి చేయించాలె, నిర్లక్ష్యం చేస్తే పాదం మళ్లా తన పాత తొవ్వకే పోతదని చెప్పిండు. బావ ఇంటికి వచ్చి చెల్లెకు చెప్తే, చెల్లె నాతోని చెప్పింది. ఆపరేషనుకు, బూట్లకు కలిపి అయ్యే ఖర్చు వాళ్లిద్దరి చేతులతోని తీరేది కాదు.

మొదట మేం నలుగురం కండువా పరిచి పట్టుకొని గల్లీలు తిరిగినం. ఆ తిరుగుడులోనే నాకు రోత మొదలయింది. ఇచ్చేదానికన్నా చెప్పేది ఎక్కువ. ఒకామె గిన్నెడు బియ్యం పోసి, పోయిన జన్మలో ఎవరిని తన్నిందో ఈ కాళ్లతోని అన్నది, పిల్ల నా రిక్షాలోనే కూసొని ఉన్నది. ఒకాయన ఆడపిల్లకెందుకింత ఖర్చు, ఇంట్ల కూసొని బీడీలు చుట్టుకుంటే కాళ్లతోని పనేముంది అని లెక్క చెప్పిండు. చిల్లర నాణేలు కండువాలో పడుతుంటే అవి ఎక్కడ తగులుతయోనన్నట్టు దూరం నుంచి విసిరినోళ్లున్నరు. కండువా బరువెక్కింది గాని పని జరిగేటట్టు లేదు.

అప్పుడు సంఘం పెద్దమనిషి ఈ ముచ్చట్లోకి వచ్చిండు. బావ పని చేసే సాంచాలు ఆయనవే, బావకు ఆయన మాట కాదనే ధైర్యం ఎప్పుడూ లేదు. తెల్ల చొక్కా, చేతికి గడియారం, నవ్వితే కండ్లు నవ్వని మనిషి. కండువాలో ఉన్నదాన్ని వేలితోని కెలికి చూసి, “బిచ్చమడిగితె బిచ్చమే ఏస్తరు. కట్నమని అడుగు, మైకుల పేరు సదువు. ఎవడియ్యడో నేను సూస్త,” అన్నడు. నాకు నచ్చింది, ఉన్నమాట చెప్పాలంటే చాలా నచ్చింది. సంఘం భవనం ముందట టెంటు వేసి, బల్ల పెట్టి, పెండ్లిలో చదివినట్టే చదివిన. ఫలాన ఇంటి వారు, పిల్లకు పెద్దబాపు వరస, వారి కట్నం ఇంత. కండువాలో చిల్లర విసిరినాయన నోటు పట్టుకొని వరసలో నిలబడ్డడు. పిల్ల పోయిన జన్మ సంగతి చెప్పినామె మగనితోని రెండుసార్లు చదివించుకున్నది, మొదటిసారి నేను ఇంటిపేరు తప్పు పలికిన్నట. సందట్లో పెద్దమనిషి ఒక ఫ్లెక్సీ కట్టించిండు. ఫ్లెక్సీలు అప్పుడే కొత్తగా వచ్చినయి. అందులో ఆయన నిలువెత్తున దండం పెట్టుకుంట నిలబడ్డడు, పక్కన సంఘమోళ్ల తలకాయలు, అట్టడుగున మా కోడలు పాదాలు రెండు. మొఖం లేదు, ఒట్టి పాదాలే. మొఖం పెట్టలేదేందని అడిగితే, ఇచ్చేటోడు కాళ్లు చూసి ఇస్తడు గాని మొఖం చూసి ఇస్తడా అన్నరు. పిల్ల ఆ ఫ్లెక్సీ చూసి, మామా, నన్ను మీదికెల్లి కోసేసిండ్రు అని నవ్వింది. నేనూ నవ్విన. చెల్లె నవ్వలేదు.

ఏమన్నగాని, పైసలైతే జమయినయి. ఆపరేషను అయింది. బూట్లకని మిగిలింది పెద్దమనిషి దగ్గరనే ఉంచిండ్రు, సంఘం సొమ్ము సంఘం దగ్గరుంటేనే పద్ధతి అన్నడు. నెలలు గడిచి సిమెంటు పట్టీలు విప్పినంక చూస్తే ఆ పాదాలు ఎవరివో కొత్తవి తెచ్చి అతికించినట్టు తిన్నగా ఉన్నయి. చెల్లె వాటిని ముట్టుకోవడానికి కూడ భయపడేది, బిడ్డను భుజం మీదనే మోసేది. బూట్లకు కొలతలిచ్చి వచ్చినం, పైసలు తీసుకపోతే తయారు చేసిస్తరు. బావ పోయి పెద్దమనిషిని అడిగిండు.

ఆ రోజు నేను అక్కడనే ఉన్న. పెద్దమనిషి ఆశ్చర్యపడ్డట్టు మొఖం పెట్టి, “ఊరంత కట్నాలు సదివిచ్చుకొని బువ్వ పెట్టకుంటె ఎట్ల తమ్మీ? రేపు నేను మొఖం ఏడ పెట్టుకోవాలె?” అన్నడు. బావకు అర్థం కాలేదు, నాకు కూడ ఒక గడియ అర్థం కాలేదు. అయితే అప్పటికే ఊర్లో గుసగుస మొదలయిందట. చదివించి ఇన్ని రోజులాయె, ఒక్కరన్నా అన్నానికి పిలిచిండ్రా, మర్యాద తెలువనోళ్లు అని అరుగుల మీద మాట్లాడుకుంటుండ్రట. బిచ్చమని ఇచ్చుంటే ఎవరూ బువ్వ అడగకపోదురు. కట్నమని చదివినం, చదివింది నేనే, ఇగ పెండ్లి మర్యాద పిల్ల కాళ్లకు చుట్టుకున్నది. బయట నిలబడ్డ చెల్లె ఆయన గడప దాటి లోపలికి వచ్చి, బూట్లు లేకుంటే కాళ్లు మళ్ల వంకరపోతయని డాక్టరు చెప్పిండన్నా అని పెద్దమనిషిని బతిమాలింది. బూట్లకేం పాయె, మళ్ల ఒకసారి చదివిద్దాం, ముందు ఈ పైసలతోని మంది కడుపులు నింపాలె అన్నడాయన. చెల్లె బావ దిక్కు చూసింది, బావ నేల దిక్కు చూసిండు.

సంఘం భవనం ముందటనే టెంటు వేసి దావత్ పెద్దగనే చేసిండ్రు. యాటలు కోసిండ్రు. బగార అన్నం పెద్ద పెద్ద బగోనాల్లో, కూర మీద నూనె వేలెడు మందం తేలుతుండె. మధ్యాహ్నం ఎండకు ఆ మసాల వాసన, తెగిన తోళ్ల మీద ముసిరిన ఈగల మోత, విస్తర్ల మీద గుట్టలు పడ్డ బొక్కలు, వాటి కోసం టెంటు వెనుక కుక్కల కొట్లాట, అన్నీ ఇప్పటికీ నా ముక్కుకు, చెవులకు అంటుకునే ఉన్నయి. నాకు తినుడంటే ఇష్టమే, దావత్‌లో సిగ్గుపడేవాణ్ని కాదు. ఆ రోజు మాత్రం ప్రతి ముద్దా ఎక్కడి నుంచి వచ్చిందో కనబడుతుండె. నల్లిబొక్క చీకుతున్న ఒకాయన వేళ్ల సందుల నుంచి నూనె మోచేతిదాక కారుతుంటే, అది నాకు కూర నూనె లెక్క అనిపించలేదు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, ఎవరూ దాచుకోలేదు. పది మంది ముందట, మర్యాదగా, వరసగా కూసొని, ఒక పిల్ల బూట్లను తిన్నరు. తినుకుంట, పాపం ఎంత కష్టపడ్డరో అని కూడ అన్నరు.

సగం బంతులు లేచినంక పెద్దమనిషి పిల్లను తెమ్మన్నడు. అది అనుకున్నదే, మంది వచ్చింది ఆ తమాషాకే. చెల్లె బిడ్డను ఎత్తుకొని వచ్చి, దించనని పట్టుకున్నది. బూట్లు వచ్చినంక నడుస్తదన్నా, ఇప్పుడు కింద పెట్టొద్దన్నరు అని మళ్లా చెప్పింది. బూట్లేసుకుంటే కాళ్లు ఎట్ల కనవడుతయి అని వెనుక నుంచి ఎవరో అన్నరు, మందికి ఆ మాట న్యాయంగానే తోచింది. బావ వచ్చి చెల్లె చేతుల నుంచి బిడ్డను తీసుకున్నడు. ఆ మనిషి చేతులు వణుకుతున్నయి, అయినా తీసుకున్నడు, నేల మీద నిలబెట్టిండు. నా చేతిలో మైకు ఉంది. చెప్పవయ్యా నాలుగు మాటలు అని పెద్దమనిషి సైగ చేసిండు. నేను మైకు కిందికి దించిన.

పిల్ల ఒక్కడుగు వేసింది. ఇంకొకటి వేసింది. కొత్త పాదాలు, నేల మీద ఎట్ల ఆనాలో వాటికే తెలుస్తలేదు. పెదవి కొరుక్కుంట, రెండు చేతులు పక్కలకు చాపి, విస్తర్ల వరసల మధ్య నుంచి వస్తుంటే చప్పట్లు కొట్టిండ్రు. ఇది నా పైసతోని వేసిన అడుగు అని ఒకాయన పక్కాయనతోని అన్నడు, పరాచికానికే అన్నడు. సగం దాక వచ్చి ఆగింది. మొఖంలో రక్తం లేదు. చాలు తియ్యి అని నేను అనబోతుంటే, పెద్దమనిషి చేతులూపుకుంట, “ఇంకోసారి నడువు బిడ్డా, గా ఎనుకోళ్లకు కనవడలే,” అన్నడు.

పిల్ల ఆయన మొఖం దిక్కు చూసింది. “ఎనుకోళ్లనే ముందట్కి రమ్మను పెద్దబాపు. ఆళ్ల కాళ్లు మంచిగనే ఉన్నయి గదా,” అన్నది.

అని, ఉన్నకాడనే మెల్లగా కూసున్నది. కూసొని, పాదాలను రెండు చేతులతో జాగ్రత్తగా నేలకు తగలకుండ ముందట పెట్టుకొని, వెనుకటి లెక్కనే చేతుల మీద జరుగుకుంట టెంటు బయటికి పోయింది. మంది గొణిగిండ్రు. ఇంత పెట్టి బాగు చేపిస్తే మళ్ల జరుగుడేనా, మన పైసలు బూడిదల పోసినట్టే గదా అన్నరు. ఒకామె, కాళ్లు తిన్నగైనయి గాని నోరు తిన్నగ కాలే అన్నది. అని మళ్లా అన్నం మీద చెయ్యి వేసింది.

అప్పుడు నేను దించిన మైకు మళ్లా పైకి లేపి, పెండ్లిలో చదివే గొంతుతోనే మొదలుపెట్టిన. వినుండ్రి, వినుండ్రి, ఈనాటి కట్నాలు చదువుతున్న. చాయ్ హోటల్ బాపు, పిల్లకు తాత వరస, వారు తిన్నది కుడికాలి బూటు దారాలు. రంగుల దుకాణమాయన, పిల్లకు చిన్నబాపు వరస, వారు నమిలింది ఇనుప పట్టీ, పండ్లు గట్టివి, దేవుడు సల్లగ చూడాలె. మూలమీది ఇంటామె, బూటు లోపలి మెత్త మొత్తం తిన్నది, ఇంకొంచెం అడిగింది. మన సంఘం పెద్దమనిషి, పిల్లకు పెద్దబాపు వరస, ఎడమకాలి బూటు అడుగు అట్ట, నల్లిబొక్కతోని సహా. ఇంకా ఎవరన్నా తినేటోళ్లుంటే తొందరగ రావాలె, మడిమె ముక్క ఒకటి మిగిలింది. ఒక్కొక్క మాట చెంపదెబ్బ లెక్క కొట్టాలని కొట్టిన. వాళ్ల నోట్లోని ముద్ద నోట్లోనే ఆగిపోవాలని, సిగ్గుతోని తలలు వంగాలని చూసిన.

నవ్విండ్రు. టెంటు కర్రలు ఊగేటట్టు నవ్విండ్రు. చాయ్ హోటల్ బాపుకు పొలమారింది, పక్కాయన వీపు మీద తట్టుకుంట నవ్విండు. రంగుల దుకాణమాయన పండ్లు బయట పెట్టి చూపిచ్చిండు. అందరికన్నా ఎక్కువ నవ్వింది పెద్దమనిషి. కండువాతోని కండ్లు తుడుచుకొని, అసాధ్యుడు వీడు, మైకాయనకు మంచిగ ఒక విస్తరి వడ్డియ్యుండ్రి అని వంటవాళ్లకు చెప్పిండు. నిజంగనే తెచ్చి నా ముందట పెట్టిండ్రు, కుప్ప పోసి, మీద పెద్ద ముక్క పెట్టి. నేను ముట్టలేదు, అది ఈగలపాలైంది. ఆనాటి నుంచి నేను బగార అన్నం ముట్టను, దావత్‌లల్లో మా ఇంటామె పక్కనే తెల్ల అన్నం, పప్పు అడిగి పెట్టిపిస్తది, షుగరు ఉన్నదని చుట్టాలకు అబద్ధం చెప్తది.

ఆ తర్వాత సంగతి పెద్దగా లేదు. మళ్ల ఒకసారి చదివిద్దామన్న మాట మళ్ల ఎవరూ ఎత్తలేదు. నడుచుడు చూసినం గదా, ఇంక దేనికి అన్నట్టే ఉండిండ్రు. బావ పెద్దమనిషి సాంచాలు విడిచిపెట్టి బొంబాయి దిక్కు భీవండి పోయిండు, అక్కడి మగ్గాల మీద పడి పంపిన పైసలతోని బూట్లు వచ్చినయి గాని, వచ్చేసరికి ఎడమ పాదం అప్పటికే లోపలికి తిరగడం మొదలుపెట్టింది. కుడిది నిలబడ్డది. నాకు పెండ్లిండ్లలో కట్నాలు చదవబుద్ధి కాలేదు, ఉట్నూరు దిక్కు జీపు మీద మైకు కట్టుకొని సంతలకు, జాతరలకు అరుచుకుంట కొన్నేండ్లు తిరిగిన. మా కోడలు ఇప్పుడు చొప్పదండిలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తది, నోరు మాత్రం ఈడ్చదు. మా ఊరికి ఎన్నిసార్లు పిలిచినా రాదు. వస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు, ఏదీ బిడ్డా జర నడువు చూద్దాం అంటరని దానికి తెలుసు.

ఇప్పుడు టెంటులు లేవు, బగోనాలు లేవు, చదివే గొంతూ లేదు. ఫోను మీద వేలు పెడితే పైసలు పోతయి, ఎవరు తింటరో ఎవరికీ తెలువది. ఇచ్చినాయన పేరు కింద పూల బొమ్మలు, దండం బొమ్మలు పడుతయి, పెద్దమనుషులు పేపరోళ్లను పిలుచుకొని అట్టముక్క మీద రాసిన పెద్ద చెక్కు పట్టుకొని నిలబడుతరు, మధ్యలో పిల్లను కూసోబెడుతరు. దావత్ పోయిందని సంతోషపడాలో, తమాషా పెరిగిందని ఏడ్వాలో తెలుస్తలేదు. ఆ రోజుల్లో ఎంత పాపపు సొమ్ము తిన్నా, తినడానికి ఆ పిల్ల ఉన్న టెంటుదాక నడిచి రావాలె, ఆ పిల్ల కండ్లలో ఒకసారన్నా పడాలె, అది తిరిగి ఒక మాటంటే వినాలె. ఇప్పుడు మంచంలో ఉన్న పిలగాడు ఎవరికీ జవాబు చెప్పలేడు. మా కోడలు నడిచిన నాడు వెనుకోళ్లకు కనబడలేదని బాధపడ్డరు. ఇప్పుడు వెనుకోళ్లంటూ ఎవరూ లేరు, ఊరూరా ప్రతివాని అరచేతిలో ఆ పిలగాని కాలు లేస్తది, పడుతది, లేస్తది, పడుతది. బావ వంటి మనిషి చేతులు వణికినయని నేను కండ్లతో చూసిన. ఆ వీడియోలో కాలు లేపిన చెయ్యి వణికిందో లేదో కూడ తెలుసుకోవడానికి లేదు.

ఆ దావత్ రోజు పొద్దుగూకే యాళ్లకు మంది అంతా పోయినంక నేను మైకు గొట్టాలు విప్పి రిక్షాలో పెట్టుకుంటున్న. చెల్లె సంఘం భవనం నల్లా కాడ కూసొని బగోనాలు తోముతుంది. వంటోళ్ల కూలి మిగులుతదని ఆ పని కూడ ఆమెకే పెట్టిండ్రు. అందరూ నవ్వినా, నేనన్న మాటల్లో ఏదో ఒకటి ఎవరికో ఒకరికి రాత్రి గుచ్చుకుంటదని నాకు ఆశ ఉండె, ఆ ఆశతోనే కొంచెం గర్వంగా ఆమె దగ్గరికి పోయి, చూసినవా చెల్లే, ఒక్కొక్కని ఇజ్జత్ ఎట్ల తీసిన్నో అన్న.

చెల్లె తల ఎత్తలేదు. బగోనా అడుగుకు పట్టిన నూనె జిడ్డును బూడిదతోని రుద్దుకుంటనే అన్నది.

“మంచిగ నవ్విచ్చినవ్ అన్నా. ఆళ్లకు తిన్నదంత అరిగింది.”